దుమ్ము, దమ్ము

నవంబర్ 7, 1993. ఆదివారం.

మూడో కాన్పు కూడా పోయింది. కాన్పు అన్నానని అమ్మీ తిట్టింది. చేపలకు కాన్పేందే, నోరు కడుక్కో అని. అమ్మీ అంటే మా అత్తగారు, జన్నత్ బీ. పెళ్లయి ఇన్నేళ్లయినా నాకు ఒక్క కాన్పూ లేదు కాబట్టి ఆ మాట నా నోట వింటే ఆమెకు గుచ్చుకుంటుంది. నాకు గుచ్చుకోదని ఆమె నమ్మకం.

నిన్న పొద్దున దాకా పిల్లలు ఈదాయి. సాయంత్రానికి టబ్బు అడుగున నూక పోసినట్టు పడి ఉన్నాయి.

ఈ డైరీ మా ఆయనకు టైర్ల షాపు వాళ్లు ఇచ్చింది. డ్రైవర్‌కు డైరీ ఎందుకు, నువ్వు రాసుకో ఖాతూ అన్నాడు. జనవరి నుంచి ఇప్పటిదాకా ఖాళీ. ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడతాం. రాయడం మాత్రం నాకు తెలుగే వచ్చు, టెన్త్ తెలుగు మీడియం. ఆయనకు రోడ్డు మీద బోర్డులు చదివేంత వచ్చు. అమ్మీకి అదీ రాదు. కాబట్టి ఎవరికీ భయపడక్కర్లేదు.

నవంబర్ 9.

ఇవాళ రాయడానికేం లేదు. కరెంటు కూడా లేదు.

నవంబర్ 14. ఆదివారం.

ఆయన వచ్చాడు. యాకూబ్ అని పేరు రాద్దామనుకున్నా, చెయ్యి రాలేదు. ఆయన అనే రాస్తాను.

మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎత్తుకుని చినగంజాం వైపు పోతాడు, అక్కడ ఉప్పు ఎత్తుకుని వస్తాడు. ఉప్పు బస్తాల మధ్య సముద్రం నీళ్ల క్యాన్లు. ఆ ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో పనిచేసే ఒకతను మద్రాసు నుంచి ఒక జంటను తెప్పించుకుని, సాకలేక ఈయనకు అంటగట్టాడు. నారింజ రంగు ఒంటి మీద మూడు తెల్ల గీతలు. క్లౌన్ ఫిష్ అంటారట. మా గల్లీలో జోకర్లు. నల్గొండలో తాగడానికే నీళ్లు లేవు, సముద్రం తెచ్చి చేపలు పెంచుతుండు, జోకరెవరో చూస్కో అని మొదట్లో అమ్మీ అనేది.

పిల్లలు పుట్టినప్పుడు వాటికి గీతలుండవు, రంగూ ఉండదు. తల వెనక మొదటి తెల్ల గీత పడిందంటే గట్టెక్కినట్టే అని హేచరీ అతను చెప్పాడు. మా ఇంట్లో ఇంతవరకు ఒక్కదానికీ గీత పడలేదు. ఒక్క గీత సూడాలె ఖాతూ, ఒక్కటి సూసినంక మానేద్దం అంటాడు. మానడని నాకు తెలుసు.

వాటికి కావాల్సినవి రెండేనట. దుమ్ము, దమ్ము. దుమ్ము అంటే మేత. పచ్చ నీళ్లలో పెరిగే సన్నటి పురుగులు. వెలుగుకు అడ్డం పెట్టి చూస్తే ఎండలో లేచిన దుమ్ములా కనబడతాయి. వాటికి హేచరీలో ఏదో ఇంగ్లీషు పేరుంది, నాకు నోరు తిరగదు. కిటికీలో హార్లిక్స్ సీసాల్లో పెంచుతున్నా. దమ్ము అంటే గాలి. దుమ్ముకు నేను, దమ్ముకు కరెంటు. మా కరెంటు సంగతి చెప్పుకుంటే సిగ్గు. పోయిన కాన్పు పోయింది ఎయిర్ పంపు ఆగిపోయే.

అందుకని ఇవాళ పాత లారీ ట్యూబు తెచ్చాడు. అతుకులు వేసి, వాల్వుకు సెలైన్ పైపు బిగించాడు. పైపు కొత్తదే, మెడికల్ షాపుల కొన్న అని రెండుసార్లు చెప్పాడంటే పాతదే. పైపు మీద చిన్న చక్రం తిప్పితే గాలి బుడగ బుడగగా టబ్బులోకి వస్తుంది. ట్యూబు నింపడానికి ఫుట్ పంపు తొక్కి తొక్కి రొప్పాడు. నేను ఇంట్ల లేకున్నా నా దమ్ము ఉంటది సూడు అన్నాడు. నీ దమ్ము తెలుసులే, సిగరెట్ దమ్ము అన్నాను.

క్యాన్లు వరండాలో వరసగా పెట్టాడు. మా గల్లీలో ఏ వరండాలో చూసినా క్యాన్లే. బోరు నీళ్లు ఫ్లోరైడ్ కాబట్టి తాగేవి ఎక్కడినుంచో మోసుకొచ్చి దాచుకుంటారు. పక్కింటి యాదమ్మ మోకాళ్లు చూస్తే చాలు, మా బోరు గురించి ఇంకేం చెప్పక్కర్లేదు. అందరి క్యాన్లలో మంచినీళ్లు, మా వాటిలో ఉప్పునీళ్లు.

నవంబర్ 24. బుధవారం.

గుడ్లు పెట్టింది. పెద్ద చేపల తొట్టిలో పడుకోబెట్టిన పూలకుండీ లోపలి గోడకు, కందిపప్పు రంగులో. ఆడది పెట్టేసి తన దారిన తను తిరుగుతోంది. మగదే కుండీ దగ్గర కాపలా, రెక్కలతో విసురుతూనే ఉంది. చూడు, వాళ్లింట్లో మగాడు ఇంటిపట్టున ఉంటాడు అన్నాను. వానికి లారీ లేదు మరి అన్నాడు.

నవంబర్ 27. శనివారం.

పోయాడు. లోడుకు టైమైపోతోందని క్లీనర్ దశరథం బయట హారన్ కొడుతున్నా వినకుండా ట్యూబు నింపాడు. తబలాలా మోగేదాకా తొక్కాడు. గుడ్లు పిల్లలయ్యే టైముకు వచ్చేస్తానన్నాడు. నేను వంటింట్లోంచే సరే అన్నాను. పిండి చేతులతో బయటికి రాలేదు.

నవంబర్ 30.

దశరథం వచ్చాడు. ఆయనతో బండి మీద పోయేవాడు. ఒక్కడే వచ్చాడు.

డిసెంబర్ 3. శుక్రవారం.

జియారత్ అయింది. మూడోనాటి ఫాతిహా. జనం పోయారు. రాయగలనేమో చూస్తాను.

వాడపల్లి వంతెన ఇవతల బర్రె అడ్డమొచ్చిందట. దశరథం దూకేశాడు. ఈయన స్టీరింగు వదల్లేదు. బస్తాలు పగిలి రోడ్డంతా ఉప్పు పడిందని, దూరం నుంచి చూసినవాళ్లు ముగ్గు పోశారనుకున్నారని దశరథం చెప్పాడు. అది నాకెందుకు చెప్పాడో. ఏదో ఒకటి చెప్పాలి కదా, పాపం.

దవాఖాన నుంచి తెచ్చాక ఇంటి వెనక పరదా కట్టి ఆఖరి స్నానం చేయించారు. ఆడవాళ్లం లోపలున్నాం. ఇవాళ జియారత్‌కు వచ్చిన నూరుద్దీన్ సాబ్, ఆ రోజు స్నానం చేయించింది ఆయనే, వరండాలో ఎవరితోనో అంటుంటే విన్నాను. ఎంత రుద్దినా సబ్బు నురగ రాలె, గిట్ల ఎన్నడు సూడలే అని.

లేచి పోయి చూశాను. క్యాన్లన్నీ ఖాళీ. కడిగి బోర్లించి పెట్టారు.

ఎవరు తీశారని అడిగాను. యాదమ్మ ముందుకొచ్చింది. నేనే సూపిచ్చిన బిడ్డా అంది. బోరు నీళ్లు తోడుతున్నరు, నా కాళ్లు తిన్న నీళ్లు ఆ పిలగానికెట్ల పోయనిస్త, క్యాన్లల్ల మంచినీళ్లున్నయి గద అని సూపిచ్చిన అంది.

అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. ఆమె ఆ వంకర కాళ్ల మీద నిలబడి అంతా విని వెళ్లిపోయింది. నూరుద్దీన్ సాబ్ గుమ్మం అవతల నుంచే, సముద్రం నీళ్లు పాక్ బేటీ, శుద్ధమే, ఫికర్ చేయకు, తప్పేం లేదు అన్నారు. తప్పుందని నేననలేదు. అవి పిల్లల కోసం తెచ్చినవి. ఆయన చేత్తో ముంచినవి.

ఇది రాస్తుంటే ఒకటి తోచింది. అంత దూరం నుంచి మోసుకొచ్చి, చివరికి తనే పోసుకున్నాడు. నవ్వొచ్చింది. ఏడుస్తున్నానని అమ్మీ దగ్గరికి తీసుకుంది. తర్వాత నిజంగానే ఏడ్చాను.

ఇద్దత్ అయ్యేదాకా నేను గడప దాటకూడదు. నాలుగు నెలల పైమాటే. సముద్రం ఎవరు తెస్తారు. దశరథం తెస్తానన్నాడు, మళ్లీ లారీ ఎప్పుడెక్కుతాడో.

గుడ్లలో వెండి కళ్లు కనబడుతున్నాయి. కుండీని టబ్బులోకి మార్చాను. పెద్ద చేపల నీళ్లే సగం తీసి పోశాను. ఇంకేం చేయను.

డిసెంబర్ 4.

పుట్టాయి. చెప్పడానికి ఎవరూ లేరు.

డిసెంబర్ 7. మంగళవారం.

పొద్దున్నే కరెంటు పోయింది. ట్యూబు గోడకు ఆనించి ఉంది, నిండుగా. పైపు టబ్బులో వేశాను. చక్రం మీద వేలు పెట్టాను. తిప్పలేదు.

ఆయనది అంటూ ఇంట్లో మిగిలినవి లుంగీలు, ఒక చెప్పుల జత, ఆ గాలి. లుంగీలు ఉంటాయి. గాలి ఒకసారి వదిలితే మళ్లీ రాదు. గ్లాసుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కూర్చున్నాను. పెద్ద చేపలకైతే అది పనికొచ్చేది. ఇవి కనురెప్ప వెంట్రుకంత లేవు, ఆ దెబ్బకే సగం చచ్చాయి. నేనే చంపాను. అమ్మీ మంచం మీంచి అంతా చూసింది.

డిసెంబర్ 10.

అమ్మీ రోజూ ఫజర్ నమాజు అయ్యాక ట్యూబు పక్కన కూర్చుంటోంది. ఒక చేత్తో తస్బీ పూసలు, ఇంకో చెయ్యి ట్యూబు మీద. ఇవాళ నన్ను పిలిచి, మెత్తగైంది సూడు అంది. నొక్కి చూశాను. ఎక్కడో జారిపోతోంది. సబ్బు నీళ్లు రాస్తే ఎక్కడో తెలుస్తుంది. రాయలేదు. ఆయన వేసిన అతుకే అయితే నేను తట్టుకోలేను.

డిసెంబర్ 12. ఆదివారం.

ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. రేపు గాని రాదన్నారు.

మధ్యాహ్నానికి పిల్లలు నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను, ముంచడానికి ధైర్యం చాలలేదు. అమ్మీ లేచొచ్చింది. ఊకెనె పోతాంది గద బిడ్డా అంది. అట్ల ఊకెనె పోయేకన్నా పోరగాండ్లకన్న పెట్టు.

పోరగాండ్లు అంది. కాన్పు అంటే నోరు కడుక్కోమన్న మనిషి.

చక్రం నేనే తిప్పాను. అమ్మీ నా మణికట్టు పట్టుకుంది, ఆపడానికో, ఆసరాకో. బుడగలు వచ్చాయి. సన్నగా, ఒకదాని వెనక ఒకటి. రబ్బరు వాసన వచ్చింది. అమ్మీ టబ్బు మీదికి వంగి ఊపిరి లోపలికి పీల్చింది. ఆమెను చూసి నేనూ వంగాను. సిగ్గనిపించలేదు. ఇద్దరం తలలు ఆనించుకుని అలాగే ఉన్నాం. చివరి బుడగ ఏదో తెలియలేదు. ఇంకోటి వస్తుందనుకుంటూ చూస్తున్నాం, రాలేదు.

అప్పటికి పిల్లలు కిందికి దిగి తిరుగుతున్నాయి.

డిసెంబర్ 14. మంగళవారం.

దశరథం నీళ్లు తెచ్చాడు. రెండే క్యాన్లు, తెలిసినవాళ్ల లారీలో వేయించుకుని. యాదమ్మ వచ్చి వాటి పక్కన కూర్చుంది, వచ్చేపోయే వాళ్లతో ఉప్పు నీళ్లు, ముట్టకుండ్రి అంటూ. నేను చాయ్ ఇచ్చాను. తాగింది.

డిసెంబర్ 18.

గీత పడింది. ఒక్కదానికి. అమ్మీకి కళ్లు ఆనవు, దాన్ని హార్లిక్స్ సీసాలోకి ముంచి, ఆమె వేలు పట్టుకుని సీసా మీద పెట్టి చూపించాను.

సాయంత్రం కరెంటు పోయింది. అతుకు మీద అతుకు వేసి ఫుట్ పంపు నేనే తొక్కాను. చాలు తీయ్ అని అమ్మీ అనేదాకా తొక్కాను. దమ్మొచ్చింది.