అత్తయ్య వచ్చేలోగా ఒక కోటింగు

గురువుగారికి నమస్కారాలు.

మీ 'ఇంట్లోనే కారుకి స్ప్రే పెయింటింగ్' పోస్టు పాఠాల్లో చేరిన కొత్త శిష్యుణ్ణి. సరదాకి చేరలేదండీ, ప్రాణం మీదికొచ్చి చేరాను.

నన్ను పెంచింది మా మేనత్త. హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. ఆవిడకి లేత ఆకుపచ్చ రంగు పాతకాలపు కారొకటి ఉంది. అలాంటివి ఇప్పుడు రోడ్డు మీద కనిపించవు. ఆవిడ తప్ప ఇంకొకరు దాని స్టీరింగు పట్టుకోలేదు. కంటి ఆపరేషన్‌కని మా చిన్నత్త ఇంటికి వెళ్తూ, "కారు జోలికి వెళ్లావో..." అని సగంలో ఆపేసింది. మిగతా సగం నేనే ఊహించుకుని వణుకుతున్నాను.

నేను వెళ్లలేదు. నా సైకిలు వెళ్లింది. దాని హ్యాండిలు తగిలి డ్రైవరు వైపు తలుపు మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా గీత పడింది.

నాకు నలభై దాటాయి. లైబ్రరీలో ఉద్యోగం. అయినా ఆవిడ చెప్పుల చప్పుడు వింటే ఇప్పటికీ లేచి నిలబడతాను. ఆవిడ తిరిగొచ్చేలోగా ఆ గీత మాయం కాకపోతే నేనే మాయమైపోవాలి.

మొదటి పాఠం చివర "సాధన చేసిన ముక్కను నాకు పంపవలెను" అని ఉంది. షెడ్డు చుట్టూ ప్లాస్టిక్ షీట్లు కట్టి, దుమ్ము లేవకుండా నేల తడిపి, చేతిరుమాలు ముక్కుకి చుట్టుకుని సాధన చేశాను. ముక్కను లారీ పార్సిల్లో పంపాను.

భయభక్తులతో (భయమే ఎక్కువ),
మీ శిష్యుడు

తా.క.: ముక్కను దించడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకోండి. అద్దం కిందికి దించే ఉంచాను.

---

శిష్యుడికి దీవెనలు.

నాయనా, ముక్క అంటే బిస్కెట్ డబ్బా మూతంత రేకు ముక్క. నువ్వు ఏకంగా తలుపే ఊడదీసి పంపావు. పిడి, అద్దం, అద్దం తిప్పే చక్రం, అన్నీ ఉన్నాయి. మా ఆవిడ దాన్ని వరండా గోడకి ఆనించి, వచ్చేపోయేవాళ్లకి "కొత్త గది కడుతున్నాం, ముందు తలుపు తెచ్చాం" అని చెబుతోంది.

ఇక నీ పనితనం. రంగు కన్నీళ్లలా కారింది. రంగు చిమ్మే గన్నుని మరీ దగ్గరగా పెట్టావు, విసనకర్ర ఊపినట్టు మణికట్టు ఊపావు. ఊపాల్సింది మణికట్టు కాదు, చెయ్యి మొత్తం రేకుకి సమాన దూరంలో నడవాలి. పైగా చేతిరుమాలేమిటి? రంగు తలుపు మీద కంటే నీ ఊపిరితిత్తుల మీద ఎక్కువ పడి ఉంటుంది. సరైన మాస్కు కొనుక్కో. అది లేకుండా గన్ను ముట్టుకుంటే మీ అత్తయ్య దాకా అక్కర్లేదు, నేనే వచ్చి వాయిస్తాను.

నిలబెట్టిన రేకు మీద కొడితే రంగు కారుతుంది. చెయ్యి కుదిరేదాకా పడుకుని ఉండేదాని మీద కొట్టు.

ఇట్లు,
నడుం పట్టేసిన నీ గురువు

తా.క.: మార్కులు సున్నా. చేతిరాత ముద్దొచ్చినందుకు అయిదు. తలుపు మీద కారినచోట ఉప్పుకాగితంతో రుద్ది, సగం నేను వేసి చూపిస్తాను. ఆరేదాకా ఇక్కడే ఉంటుంది.

---

గురువుగారికి నమస్కారాలు.

మాస్కు కొన్నాను. పక్కింటావిడ నన్ను ఆ వేషంలో చూసి కిటికీలు మూసుకుంది.

మీరు చెప్పినట్టే పడుకుని ఉండేదాని కోసం వెతికాను. కారులో పడుకుని ఉండేది బానెట్టొక్కటే. విప్పి, బల్ల మీద పెట్టి కొట్టాను. ఈసారి కారలేదు. కానీ రంగు నారింజ తొక్కలా గరుకుగా తేలింది. పాఠంలో ఉన్నట్టు రంగు పలచనవడానికి థిన్నరు కొలిచే కలిపాను, భయంలో సగం బయట పోసినట్టున్నాను. బానెట్టు పంపించాను.

నిన్న అత్తయ్య ఉత్తరం వచ్చింది. "నేను లేనని నా కారు దిగులు పడుతోందా?" అని అడిగింది. ఆవిడ హాస్యమాడితే నాకు ఇంకా భయం. "కారు క్షేమం, కాస్త తేలికపడింది" అని జవాబు రాశాను. అది అబద్ధం కాదు కదండీ?

నిద్ర కరువైన,
మీ శిష్యుడు

తా.క.: తడి రంగులో ఒక దోమ అతుక్కుంది. తీయబోతే రెక్క మిగిలిపోయింది. ఏ నంబరు ఉప్పుకాగితం వాడాలి? పార్సిలు కట్టేదాకా ఇంకో దోమ దాని చుట్టూ తిరిగింది. చుట్టం కాబోలు.

---

శిష్యుడికి,

దీవెనలు ఈసారికి ఆపుకున్నాను.

బానెట్టు మా మంచం కింద సగమే పట్టింది, సగం బయటే ఉంది. మా ఆవిడ దాన్ని దాటుకుంటూ వంటింట్లోకి వెళ్తోంది, దాటిన ప్రతిసారీ నన్నొక మాట అంటోంది. పడుకుని ఉండేదంటే ఇంట్లో పాత రేకు పెట్టె మూతో, బల్లో అని నా భావం. నీకు గురువు నోటి వెంట ఏది వస్తే అది వేదం. ఇది భక్తి కాదయ్యా, భయం. భయపడేవాడు మాట వింటాడు గానీ అర్థం చేసుకోడు.

నిన్న మా వీధి కానిస్టేబులు వచ్చి తలుపు చూశాడు, వంగి బానెట్టు చూశాడు. "ఎవరి బండి విప్పుతున్నారు?" అని మెల్లగా అడిగాడు. ఒక హెడ్మిస్ట్రెస్‌గారిది అన్నాను. "ఆవిడకి తెలుసా?" అన్నాడు. టీ తాగుతారా అన్నాను. మళ్లీ వస్తానని వెళ్లాడు. గేటు చప్పుడైతే చాలు, ఇప్పుడు గదిలోకెళ్లి గడియ పెట్టుకుంటున్నాను.

ఒక తలుపుకి కొత్త రంగేస్తే పక్కవన్నీ వెలిసిపోయినట్టు కనబడతాయి. కాబట్టి ఇలా ముక్కముక్కలుగా చూసి నేనేమీ తేల్చలేను. చూస్తే మొత్తం చూడాలి.

ఇట్లు,
నీ గురువు

తా.క.: దోమని వదిలెయ్. ఆరాక సన్న ఉప్పుకాగితం నీళ్లలో ముంచి రుద్దితే పోతుంది. దోమ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు కారు సంగతి చూసుకో.

---

గురువుగారికి,

మొత్తం పంపించేశాను.

మిగిలిన మూడు తలుపులు, డిక్కీ మూత, నాలుగు మడ్‌గార్డులు. పైకప్పు ఎంత లాగినా ఊడి రాలేదు, క్షమించాలి. షెడ్డులో ఇప్పుడు ఆ పైకప్పు, చక్రాలు, ఇంజను, సీట్లు, స్టీరింగు మిగిలాయి. చేప తిన్నాక మిగిలిన ముల్లులా ఉంది గురువుగారూ.

లారీ కదిలాక ఇంటికొస్తే అత్తయ్య కార్డు. "కళ్లు బాగా కనబడుతున్నాయి. చీమ నడిచినా తెలుస్తోంది. శుక్రవారం వస్తున్నాను."

చీమ నడిచినా తెలుస్తుందట! షెడ్డుకి తాళం వేసి తాళంచెవి పారేద్దామనుకున్నాను. షెడ్డుకి తలుపే లేదని తర్వాత గుర్తొచ్చింది. మీకు దండం పెడతాను, అన్నీ వెంటనే పంపెయ్యండి, రంగు వేసినా వేయకపోయినా సరే. ఆవిడ నన్ను కొట్టదు. ఎప్పుడూ కొట్టలేదు. ఊరికే చూస్తుంది. ఆ చూపుకే నేను చచ్చిపోతాను.

మీ
శిష్యుడు (శుక్రవారం దాకా)

తా.క.: ఈ ఉత్తరం మీ ఊరొచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చాను. మీ జవాబు కూడా ఆయనకే ఇవ్వండి. నా మొహం చూసి జాలిపడి ఒప్పుకున్నాడు.

---

ఒరేయ్ నాయనా,

లారీ వచ్చింది. మా వీధి వీధంతా వచ్చింది. కానిస్టేబులు కూడా వచ్చాడు.

నేను మొత్తం చూడాలన్నది ఏదో ఒకరోజు మీ ఊరొచ్చి చూస్తానని! లారీ తిరిగి వెళ్లాలంటే వారం పడుతుంది. శుక్రవారానికి నీ కారు ఇల్లు చేరదు. బ్రహ్మదేవుడు దిగొచ్చినా చేరదు.

ఇక మిగిలింది ఒకటే. గేటు దగ్గర నిలబడు. ఆవిడ దిగగానే ఉన్నదున్నట్టు చెప్పెయ్. తుప్పు మీద ఎన్ని కోటింగులు కొట్టినా అది లోపల్నుంచి పొంగుతుంది, ఇంతకాలం ఈ పని చేసి నేను నేర్చుకున్నది అంతే. చెప్పేటప్పుడు భయం వేస్తే వేయనీ.

ఇట్లు,
నీకంటే ఎక్కువ భయపడుతున్న నీ గురువు

తా.క.: మీ అత్తయ్యకి నా అడ్రసు మాత్రం చెప్పకు.

---

పెయింటింగు మాస్టారికి,

అడ్రసు మావాడు చెప్పలేదు. మీ పాఠాల పుస్తకం అట్ట మీద పెద్దక్షరాలతో ఉంది.

ఈ కాగితం మీ గది తలుపు కింద నుంచి తోస్తున్నాను. లోపల గడియ పెట్టుకుని కూర్చున్నారని మీ ఆవిడ చెప్పారు. ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ గుమ్మంలో నిలబడి రాస్తున్నాను. వరండాలో కూర్చుందామంటే చోటు లేదు, అంతా నా కారే.

శుక్రవారం నేను ఆటో దిగకముందే మావాడు గేటు దగ్గర నిలబడి, "అత్తయ్యా, గీత నేనే గీశాను, కారు నేనే విప్పాను, నువ్వేమన్నా సరే" అన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చిన్నప్పుడు వీడు ఏం పగలగొట్టినా నాకు పక్కింటివాళ్లే చెప్పేవాళ్లు. వీడి నోటితో వీడు నాకు చెప్పిన మొదటి తప్పు ఇదే. నాకు కోపం రావాలి. వీడి తల నిమిరాను.

ఇంకొన్నాళ్లు నన్ను బండి నడపొద్దన్నాడు కళ్ల డాక్టరు. అందుకని మిగిలిన కారుని మీ ఊరిదాకా మావాడే నడిపాడు. తలుపుల్లేవు, బానెట్టు లేదు, నాలుగు చక్రాల మీద రెండు సీట్లు, నెత్తిన కప్పు. దారిలో ఒక పోలీసు ఆపబోయి, నన్ను చూసి చెయ్యి దించేశాడు. మలుపులు వచ్చినప్పుడల్లా పక్కన రోడ్డు పరిగెత్తుకుంటూ పోతుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది. వీడి చొక్కా పట్టుకుని కళ్లు మూసుకున్నాను. "భయపడకత్తయ్యా, నేనున్నాగా" అన్నాడు. అని నవ్వాడు. నా ముందు వీడు నవ్వగా నేనెప్పుడూ చూడలేదు మాస్టారూ.

కాబట్టి బయటికి రండి. మీ కానిస్టేబులుతో నేను మాట్లాడాను, ఇప్పుడు మావాడితో కలిసి మడ్‌గార్డు పట్టుకున్నాడు.

ఇట్లు,
కారు సొంతదారు

తా.క.: సగం మావాడూ సగం మీరూ రంగేసిన ఆ గీత తలుపు ఉన్నది ఉన్నట్టే బిగించమన్నాను. మిగతావాటికి రంగు మేమిద్దరం వేస్తాం, మీరు పక్కన నిలబడండి. మాస్కు ఇంకొకటుంటే తీసుకురండి. నేనెప్పుడూ గన్ను పట్టలేదు. మావాడికి చెప్పకండి, నాకూ భయంగానే ఉంది.