మట్టం తప్పని ఫ్రిజ్

మార్చి 3, సోమవారం. ఉదయం.

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఇల్లు కట్టినవాడు గోడ మీద తన గొప్పలు రాసుకోడు గదా, ఫ్రిజ్ కొన్నవాడికి మాత్రం ఎందుకీ రాతలు? కానీ సిమెంటు కొట్టువాడు ఇచ్చిన ఈ డైరీ జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. ఖాళీ గోడ కనిపిస్తే పూత పూసేదాకా చెయ్యి ఊరుకోని జాతి నాది. తాపీ మేస్త్రిని. పని మానేసి చాలా కాలమైనా మేస్త్రినే.

సంగతేమిటంటే, ఫ్రిజ్ వచ్చింది!

నా జీవితంలో మొదటి ఫ్రిజ్. వంటింట్లోకి రావడానికి తలుపు రెక్క ఊడదీయాల్సి వచ్చింది. ఆ గుమ్మం కట్టింది నేనే కాబట్టి ఎవరినీ తిట్టడానికి వీల్లేకపోయింది.

ఎందుకు కొన్నామంటే, మా ఆవిడ సూదిమందు కోసం. ఆవిడకి షుగరు. ఆ మందు చల్లగా ఉండాలి, అలాగని గడ్డకట్టకూడదు. నాలుగేళ్ళుగా అది ఎదురింటి టీచరమ్మ ఫ్రిజ్‌లో కాపురం ఉంటోంది. మా ఆవిడ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వీధి దాటి వెళ్ళి, ఆ వంటింట్లో నిలబడి సూది పొడుచుకుని రావాలి. టీచరమ్మ మంచి మనిషే. కాకపోతే ఉద్యోగం మానేసినా పాఠం మానలేదు. "చెప్పులు అక్కడ కాదమ్మాయ్, ఇక్కడ" అంటుందట. నాలుగేళ్ళయినా ఆ చెప్పులకి సరైన చోటు దొరకలేదు.

మా ఆవిడ ఎదురు చెప్పదు. ఇంటికి వచ్చి గిన్నెలు మాత్రం గట్టిగా పెడుతుంది.

అందుకని నా నిర్ణయం. ఈ ఫ్రిజ్‌ని నిలబెట్టేదీ నేనే, దాని గుట్టు తెలుసుకునేదీ నేనే, బాగోగులు చూసేదీ నేనే. మెకానిక్ గడప తొక్కకూడదు. దీని మీద నా చెయ్యి తప్ప మరో చెయ్యి పడకూడదు.

ఆవిడ షరతు: ఒక గ్లాసు నీళ్ళు, ఒక గిన్నెలో వెన్న లోపల పెడుతుంది. వారం పాటు నీళ్ళు గడ్డకట్టకుండా, వెన్న కరగకుండా ఉంటే మందు ఇంటికి వస్తుంది. అప్పటిదాకా ఎదురింట్లోనే.

వారం ఎంతలో గడుస్తుంది!

అదే రోజు, సాయంత్రం.

బండిలో పడుకోబెట్టి తెచ్చారు కాబట్టి కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే కరెంటు ఇవ్వాలని పుస్తకంలో ఉంది. దాని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. "పెళ్ళప్పుడు కూడా నన్నింతసేపు చూడలేదు" అంది ఆవిడ. అప్పుడు నీకు పుస్తకం ఇవ్వలేదు గదా అన్నాను. రాత్రి భోజనంలో మజ్జిగ పలచనైంది.

మార్చి 4, మంగళవారం.

పొద్దున్నే గమనించాను. ఫ్రిజ్ వెనక్కి వాలి ఉంది!

తెచ్చినవాడి నిర్వాకం. ముందు కాళ్ళ మరలు ఎడాపెడా తిప్పి వెళ్ళిపోయాడు. మామూలు కంటికి తెలియదు, నా కంటికి మాత్రం కొండలా కనిపించింది. అటక మీంచి రసమట్టం దింపాను. గాజు గొట్టంలో నీటి బుడగ ఉంటుందే, ఆ పరికరం. ఫ్రిజ్ నెత్తిన పెడితే బుడగ ఒక మూలకి పారిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు సిమెంటు బస్తాల మీద నేర్చుకున్నాను. మొదట చదివిన మాట 'తడి తగలనివ్వరాదు'. అయినా ఒక ఇంజనీరు నా గోడ మీద రసమట్టం పెట్టి, బుడగని చూసి, మాట్లాడకుండా టోపీ తీశాడు. ఎండకి తీశాడని మా ఆవిడ అంటుంది. నా లెక్కలో అది మర్యాదే.

ముందు కాళ్ళ మరలు తిప్పి ముందు భాగం కిందికి దించాను. బుడగ వచ్చి నడిమధ్యన బుద్ధిగా కూర్చుంది. గోడలైనా ఇంత మట్టంగా ఉండవు.

తర్వాత పుస్తకం తిరగేస్తే అందులో బొమ్మ కూడా వెనక్కి వాలి ఉంది. అచ్చువేసినవాడికి గీత గీయడం రాదు పాపం. పెన్సిలుతో నిటారుగా దిద్దాను.

మార్చి 5, బుధవారం.

గుట్టు తెలిసింది! ఫ్రిజ్ చలిని పుట్టించదు. లోపలున్న వేడిని మోసుకొచ్చి వీపు వెనక పారబోస్తుంది. అందుకే వెనక చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అంటే ఇది సిమెంటు గమేళా మోసే కూలీ అన్నమాట. నింపు, మొయ్యి, పారబొయ్యి, మళ్ళీ రా. ఆ గుర్రుగుర్రు చప్పుడు ఆయాసం. అలుపు తీర్చుకోవడానికి మధ్యలో ఆగుతుంది కూడా.

ఈ సంగతి మా ఆవిడకి చెప్పాను. పాలవాడికి చెప్పాను. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడికి చెప్పబోతే మళ్ళీ వస్తానన్నాడు.

నీళ్ళు: చల్లన. వెన్న: గట్టి. నేను: గాల్లో.

మార్చి 6, గురువారం.

వెన్న మెత్తబడింది.

తెల్లవారి చూస్తే ఫ్రిజ్ తలుపు బొటనవేలంత తెరుచుకుని ఉంది. లోపల దీపం వెలుగుతోంది. ఎవరు తీశారని అడిగాను. తీయడం తీశాను, వేయడం కూడా వేశాను అంది ఆవిడ. చేతుల్లో గిన్నెలుంటే తుంటితో ఒక్క తోపు తోస్తుంది. అదీ ఆవిడ వేయడం. నెమ్మదిగా చెయ్యి పెట్టి, చివరిదాకా వేసి, ఒకసారి లాగి చూసుకోవాలని పాఠం చెప్పాను. ఆవిడ నావైపు చూసిన చూపు టీచరమ్మ వంటింట్లోంచి తెచ్చిన చూపే.

పోయిన చల్లదనం తిరిగి రావాలి గదా. లోపలి మీట చివరి అంకె దాకా తిప్పాను. పడుకునే ముందు తలుపు నేనే వేసి, లాగి చూసుకున్నాను.

మార్చి 7, శుక్రవారం.

నీళ్ళు గడ్డకట్టాయి. గ్లాసు తలకిందులు చేస్తే చుక్క రాలలేదు. వెన్నతో మేకు దిగ్గొట్టవచ్చు.

"మందు ఇక్కడ పెట్టకపోవడం మంచిదైంది" అని మాత్రం అంది ఆవిడ. గడ్డకట్టిన మందు పారబోయడమే. నేను నీళ్ళు నమిలాను.

ఇది నా తప్పు కాదు. వాతావరణం. నిన్న ఉక్క, రాత్రి చలిగాలి. ఇంత లేత యంత్రం తట్టుకోవద్దూ? వారం రేపటి నుంచి లెక్కపెడదామన్నాను. మీట మధ్యకి తిప్పాను.

మార్చి 8, శనివారం.

తలుపు మళ్ళీ తెరుచుకుంది.

చుట్టూ ఉన్న రబ్బరు మీద అనుమానం వచ్చింది. కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగాను. గట్టిగా పట్టుకుంది. చుట్టూతా అలాగే చూశాను. రబ్బరు నిర్దోషి. అయినా గోరువెచ్చని సబ్బునీళ్ళతో తుడిచాను, నిర్దోషికి స్నానం తప్పా?

ఇక ఫ్రిజ్ పై గదిలో మంచు. తలుపు సందులోంచి తడిగాలి దూరి, పొర మీద పొర, నేను పూసిన పూతలాగే పట్టింది. పూత గీకడానికి నాకు తెలిసిన పనిముట్టు ఒకటే. తాపీ తెచ్చాను. ఒక్క గీత గీశానో లేదో ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. పుస్తకంలో ఆ పేజీ తెరిచి ముక్కు దగ్గర పెట్టింది. పదునైనవి తగిలిస్తే లోపలి గొట్టం చిల్లుపడి గ్యాసు పోతుందట. మంచు కరిగే బొత్తాం నొక్కి ఊరుకోవాలట. నొక్కాను. ఊరుకోవడం మాత్రం చేతకాలేదు. వంటిల్లంతా మడుగయ్యాక తెలిసింది, లోపల నీళ్ళు పోయే రంధ్రానికి కొత్తిమీర కాడ అడ్డం పడిందని. తాపీ ఎక్కడ దాచిందో ఇంకా తెలియలేదు.

నేల తుడుస్తుంటే ఇంకొకటి బయటపడింది. ఫ్రిజ్ ముందు కాళ్ళ కింద మడిచిన అట్టముక్కలు!

నా మట్టం కింద అట్టముక్కలు. రసమట్టం పెట్టి చూస్తే బుడగ మళ్ళీ మూలకి పోయింది.

"ఉండనివ్వండి, మధ్యాహ్నం పెట్టాను. అప్పట్నుంచి తలుపు దానంతటదే పడుతోంది" అంది.

తలుపు పడటం కోసం ఇల్లు వంచుతారా అన్నాను. పీకి పారేశాను. తలుపుకి ఎదురుగా కుర్చీ జరిపి పెట్టాను, కాపలాగా. కొత్త ఫ్రిజ్, దానికో కుర్చీ. అలంకారం అనుకుంటే సరి.

మార్చి 9, ఆదివారం.

ఆవిడతో పాటు నేనూ ఎదురింటికి వెళ్ళాను. ఇన్నేళ్ళు మందు దాచిపెట్టినందుకు ఒక మంచి మాట చెప్పి రావాలని. చెప్పులు సరైన చోటే విడిచాను. సరైన చోటు కాదట.

వంటింట్లోకి అడుగుపెట్టగానే కంటబడింది. టీచరమ్మ ఫ్రిజ్ కూడా వెనక్కి వాలి ఉంది. ఊరంతా ఒకే పనివాడు తిరుగుతున్నాడా ఏమిటి? మా ఆవిడ సూది పొడుచుకుంటున్నంతసేపూ కళ్ళు మూసుకుందామని చూశాను. కుదరలేదు. ఇంటికి పరిగెత్తి రసమట్టం తెచ్చాను. టీచరమ్మ కాఫీ కలిపేలోపు ముందు కాళ్ళు దించేశాను. ఎవరికీ చెప్పకుండా చేసిన ఉపకారం కాదు, చెప్పే చేశాను. బుడగని చూపించాను. "ఇన్నాళ్ళూ వంకరగా ఉందన్నమాట" అని టీచరమ్మ మెచ్చుకుంది. నాకు మార్కులు వేసినట్టే ఉంది.

మా ఆవిడ అట్టముక్కల మాట ఎత్తబోయింది. నేను దగ్గాను.

మార్చి 10, సోమవారం.

పొద్దున కాఫీ తాగుతుంటే టీచరమ్మ వచ్చింది. మా గడప దాటి ఎప్పుడూ రాని మనిషి. చేతిలో మందు సీసా, తడిగుడ్డలో చుట్టి.

"మేస్త్రిగారూ, రాత్రంతా తలుపు తెరుచుకునే ఉందండి. పాలు విరిగాయి. ఇది గోరువెచ్చగా ఉంది. మీరు సరిచెయ్యకముందు అది దానంతటదే పడేది."

మా ఆవిడ సీసా అందుకుంది. గిన్నెలు మాత్రం చప్పుడు చెయ్యలేదు. నాకు భయం వేసింది.

మందుల షాపుకి పరిగెత్తాను. ఒక్క రాత్రికి పాడవదు, ఈ సీసా వాడుకోవచ్చు అన్నాడు షాపతను. ఊపిరి వచ్చింది. కానీ తెరవని మిగతా సీసాలు చల్లగా ఉండాలన్నాడు. వీధికి అటొకటి ఇటొకటి ఫ్రిజ్‌లు. రెండూ రసమట్టానికి నిలుస్తాయి. మా ఆవిడ మందు మాత్రం ఐసు ముక్కల సంచి పక్కన, పైన గుడ్డ చుట్టి, ఫ్లాస్కులో.

పుస్తకం తీశాను. పెన్సిలు గీతల వెనకున్న బొమ్మని చాలాసేపు చూశాను. బొమ్మ పక్కన అక్షరాలు చిన్నవి. తలుపు తనంతట మూసుకొనుటకు ముందు భాగము కొంచెము ఎత్తుగా ఉంచవలెను. అచ్చువేసినవాడికి గీత గీయడం వచ్చు.

మరి మర తిప్పెయ్యొచ్చు గదా అంటారా. స్పానరు పట్టుకుని ముందు కాలు దగ్గర కూర్చున్నాను. చెయ్యి కదల్లేదు. నవ్వుకోండి. జీవితమంతా బుడగని మధ్యకి తెచ్చిన చెయ్యి, కావాలని దాన్ని పక్కకి తొయ్యమంటే ఎలా వింటుంది? సగం మర తిప్పడం, బుడగ చూడటం, మళ్ళీ వెనక్కి తిప్పడం. మూడుసార్లు అదే జరిగింది.

"లేవండి" అంది ఆవిడ.

స్పానరు ఇచ్చేశాను. నా చెయ్యి తప్ప మరో చెయ్యి పడకూడదని రాసుకున్న పేజీకి ఇంకా ఇంకు వాసన పోలేదు. ఆవిడ కొంగు దోపుకుని కూర్చుని, ఈ కాలికి రెండు చుట్లు, ఆ కాలికి రెండు చుట్లు తిప్పింది. నన్ను గోడవైపు తిరగమంది. తిరిగాను. నేను కట్టిన గోడే. చక్కగా ఉంది.

వెనక నుంచి మెత్తని చప్పుడు వినిపించింది. తలుపు దానంతటదే పడింది. ఆవిడ మళ్ళీ తీసి వదిలింది. మళ్ళీ పడింది. తర్వాత చిన్నపిల్లలా ఇంకో నాలుగుసార్లు తీసింది. చల్లదనం పోతుందని అందామనుకుని, అనలేదు.

ఆవిడే స్పానరు, మందున్న ఫ్లాస్కు పట్టుకుని ఎదురింటికి కూడా వెళ్ళింది, మన ఇంట్లో వారం మళ్ళీ మొదటి నుంచి లెక్క అని చెప్పి. వెళ్ళేటప్పుడు నడకే వేరుగా ఉంది. టీచరమ్మ నిలబడి చూసిందట, ఈవిడ చెప్పిందట, ఆవిడ విందట. చెప్పుల మాట రాలేదట.

రసమట్టం అటకెక్కింది.

మార్చి 18, మంగళవారం.

వారం గడిచింది. నీళ్ళు చల్లన. వెన్న గట్టి. పొద్దున ఆవిడ వెళ్ళి మిగిలిన మందు సీసాలు తెచ్చింది. టీచరమ్మ వాటిని పెట్టుకొమ్మని ఒక మూతడబ్బా ఇచ్చి పంపింది. మంచు పట్టే పై గదికి దూరంగా, మధ్య అరలో పెట్టాం. సూది మా వంటింట్లోనే, స్టూలు మీద కూర్చుని పొడుచుకుంది. నొప్పి ఎలా ఉందని అడిగాను. మామూలే అంది, కాని నవ్వింది.

కాబట్టి ఈ రోజు నుంచి నా నిర్ణయం మళ్ళీ మొదలు. ఫ్రిజ్ బాగోగులు నేనే చూస్తాను. వెనక దుమ్ము దులపడం, రబ్బరు తుడవడం, రంధ్రంలో కొత్తిమీర లేకుండా చూడటం, అన్నీ నేనే. నా చెయ్యి తప్ప మరో చెయ్యి పడకూడదు. కాళ్ళ మరలు తప్ప. అవి ఆవిడ శాఖ. పుస్తకం మొదటి పేజీ నుంచి, ఈసారి చిన్న అక్షరాలతో సహా చదువుతాను. పెన్సిలు టీచరమ్మకి ఇచ్చేశాను.

సాయంత్రం ఆవిడ సూది వేళకి ఎవరో తలుపు తట్టారు. టీచరమ్మ. పనేమీ లేదు, ఊరికే వచ్చానంది. చెప్పులు గుమ్మం బయట ఎటు పడితే అటు విడిచింది. కుర్చీ వేశాను.