రెండు గొంతుల పెడల్

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. మీ నాటక బృందం వారానికో ఊరు మారుతున్నా నీ తిండీ నిద్రా మాత్రం మారకుండా ఉన్నాయని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని ఆయన అంటున్నారు. కుట్టుమిషన్ ముందు నుంచి లేచేటప్పుడు మాత్రం బల్ల పట్టుకునే లేస్తున్నారు. పై వాటా వాళ్లు ఎట్టకేలకు కుళాయి బాగుచేయించుకున్నారు కాబట్టి మన వంటింటి గోడ మీద మరక ఇక పెరగదు. నీ గదిలో ఇప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరు నా దగ్గర గిటార్ నేర్చుకుంటున్నారు. అక్కకు శ్రద్ధ ఉంది, వేళ్లు కదలవు. చెల్లికి వేళ్లు కదులుతాయి, శ్రద్ధ లేదు. ఇద్దరినీ కలిపి కుట్టెయ్యమని మీ నాన్నకు చెబుతున్నాను.

ఇక నాలుగో ప్రశ్న. మూడు ఉత్తరాల్లో మూడుసార్లు అడిగావు, నేను మూడుసార్లూ దాటేశాను. "నా గిటార్‌కు అడిగిన కోరస్ పెడల్ ఏమైందమ్మా? కొత్త నాటకం మొదలయ్యేలోగా కావాలి. నువ్వే విని ఎంచి పంపు. నీ చెవి మీద ఉన్న నమ్మకం నాకు ఇంకెవరి మీదా లేదు" అని రాశావు. ఆ చివరి మాట చదివినప్పుడల్లా ఒళ్లు మండిపోతోంది. నీ మీద కాదులే. మొదటినుంచీ చెబుతాను.

తాళాల దుకాణం పక్కన మెట్లు దిగి వెళ్తే వచ్చే వాయిద్యాల కొట్టు నీకు తెలుసు. దాని యజమానికి నేను తేనెసీసా అని పేరు పెట్టాను. ఆయన ఏ వస్తువు చేతిలో పెట్టినా "ఇంతకంటే మంచిది లేదు మేడమ్" అంటాడు. నా గిటార్, నా వైరు భుజాన వేసుకుని బయల్దేరుతుంటే మీ నాన్న, "ఇంతకీ ఆ డబ్బా ఏం చేస్తుంది?" అని అడిగారు.

"ఇద్దరు కలిసి ఒకే పాట పాడితే ఎలా ఉంటుంది? ఒకరు వెంట్రుకవాసి వెనకబడతారు, శ్రుతి కాస్త అటూ ఇటూ ఊగుతుంది. అందుకే నిండుగా ఉంటుంది. ఆ డబ్బా ఒక్క గిటార్‌ను అలా ఇద్దరిని చేస్తుంది" అన్నాను.

"మరి ఇద్దర్ని పెట్టుకోవచ్చుగా."

"ఇద్దరికీ భోజనం పెట్టాలిగా" అన్నాను.

ఆరోజు అలా నవ్వుకుంటూనే వెళ్లాను. మొదటి పెడల్‌ను కాలితో నొక్కగానే శబ్దం ఒక అడుగు వెనక్కి వేసి తలుపు చాటున నిలబడింది. రెండోదాని నాబ్ సగం దాటించేసరికి పడవ ప్రయాణంలో లాగా కడుపు తిప్పింది. మూడోదాంట్లో లావు తీగలు ముద్దయిపోయాయి. నాలుగోదాంట్లో ఈ తప్పులేవీ లేవు, కానీ మెరుపూ లేదు. గిటార్ మీద దుప్పటి కప్పినట్టుంది. నాలుగింటికీ తేనెసీసా ఒకే మాట అన్నాడు. "నాలుగింటిలో దేనికంటే ఏదీ మంచిది కాకపోతే నేను ఎలా ఎంచుకోవాలండీ?" అన్నాను. ఆయన నవ్వి ఐదోది తెచ్చాడు.

నేను వాయించే రికార్డింగ్ గదికి గురువారం సెలవు. నాలుగు గురువారాలు ఆ కొట్లోనే పోయాయి. మొత్తం పదకొండు పెడల్స్ విన్నాను. పెద్దవి, చిన్నవి, రెండు నాబ్‌లవి, ఆరు నాబ్‌లవి. అన్నింటి మీదా అదే దుప్పటి. వీధిలో నడుస్తూ ఆ పెడల్స్ చేసినవాళ్లను తిట్టుకున్నాను. ఈ రోజుల్లో శ్రద్ధగా పనిచేసేవాడే లేడని మీ నాన్న దగ్గర రెండు పూటలా ఉపన్యాసం ఇచ్చాను. చివరికి బరువైన పాత తరహా పెడల్ ఒకటి కాస్త నయమనిపించింది. "దీంట్లో ఒక్క పిసరు కూడా రొద లేదు చూశారా" అన్నాను. వెనకగదిలో టంకం వేసుకుంటున్న మరమ్మతులాయన తలెత్తి నావైపు చూశాడు. ఏదో అనబోయి మళ్లీ తల దించుకున్నాడు. అప్పుడు నేను పట్టించుకోలేదు.

దాన్ని ఇంటికి తెచ్చి వింటే మళ్లీ అదే దుప్పటి. మరుసటి గురువారం తీసుకెళ్లి గల్లాబల్ల మీద ఠప్పున పెట్టాను. కొట్లో ఇంకా ముగ్గురు ఉన్నారు. వాళ్ల ముందే, "మీ వెనకగదిలో ఆయన కొత్త డబ్బాలు విప్పి, మంచి భాగాలు తీసేసి చవకవి పెడుతున్నాడా?" అన్నాను.

తేనెసీసాలో తేనె అయిపోయింది. "మా కొట్లో ఇంతవరకు ఇలాంటి మాట ఎవరూ అనలేదు మేడమ్."

మరమ్మతులాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "లోపలికి రండి, చూపిస్తాను" అన్నాడు.

ఉత్తరాన్ని ఇక్కడే ఆపేసి, ఇక్కడ మంచి పెడల్స్ దొరకవు, అక్కడే చూసుకో అని రాసేద్దామనుకున్నాను. మొన్న అలాగే రాశాను కూడా. మీ నాన్న చదివి, దాన్ని నాలుగు ముక్కలు చేసి గుడ్డపీలికల బుట్టలో వేశారు. "అమ్మాయికి నిజం రాయి" అన్నారు. అందుకని రాస్తున్నాను.

ఆయన పెడల్ అడుగు రేకు మరలు విప్పి, లోపల ఎవరూ చెయ్యి పెట్టలేదని చూపించాడు. తర్వాత దాన్ని హెడ్‌ఫోన్‌కు కలిపాడు. ఇలాంటి మంచి పెడల్‌కు రెండు దారులుంటాయని నీకు తెలుసుగా. ఒకదాంట్లో మామూలు ధ్వని, రెండోదాంట్లో ఊగే ధ్వని వస్తాయి. ఒక్కోటి ఒక్కో చెవిలో పడతాయి. నేను వాయించాను.

"కుడివైపు చచ్చిపోయింది. ఇప్పుడేమంటారు?" అన్నాను.

"హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకోండి."

తిప్పి పెట్టుకున్నాను. చచ్చిన వైపు ఎడమ చెవికి రావాలి. రాలేదు. కుడివైపే ఉండిపోయింది. మళ్లీ తిప్పాను. మళ్లీ వాయించాను. ఇంకో రెండుసార్లు తిప్పాను. ఆయన టంకం పుల్ల మొన తుడుస్తూ కూర్చున్నాడు.

"పోయిన వారం మీరు రొద లేదన్నారే, ఆ పెడల్ బాగా బుసకొడుతుందమ్మా. నా బల్ల దాకా వినిపించింది. అప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు" అన్నాడు.

గిటార్ తీసుకుని లేచి వచ్చేశాను. ఆ హెడ్‌ఫోన్ నాసిరకందని బస్సు ఎక్కేదాకా నాకు నేనే చెప్పుకున్నాను.

ఇంటికొచ్చి మీ నాన్నకు చెబితే ఆయన మిషన్ మీద నుంచి కాలు తీశారు. కాసేపు చేతిలో గుడ్డ మడతలు సరిచేశారు. "ఈ మిషన్ చక్రం ఏడాదిగా కీచుమంటోంది. నువ్వు గోలపెడతావని మొదట్లో రోజూ నూనె వేసేవాణ్ణి. ఒకరోజు మరిచిపోయాను. నువ్వేమీ అనలేదు. అలవాటు పడ్డావేమో అనుకున్నా" అన్నారు.

"తొక్కండి."

తొక్కారు. చక్రం తిరగడం కనబడుతోంది. సూది టకటక వినబడుతోంది. అంతే.

"ఇప్పుడు కీచుమంటోందా?"

"ఊఁ" అన్నారు.

ఆయన మీద కూడా విరుచుకుపడ్డాను. ఏడాదిగా కడుపులో పెట్టుకు కూర్చోమని ఎవరు చెప్పారన్నాను. పాపం, ఆయనకు మాత్రం ఏం తెలుసు.

చెవి పరీక్షకు వెళ్తే డాక్టరమ్మ నన్ను బీరువాలాంటి గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా బొత్తాం నొక్కమంది. కొన్నిసార్లు నొక్కాను. ఆ తర్వాత ఎంతసేపటికీ ఏమీ రాలేదు. ఆవిడ యంత్రం ఆగిపోయిందేమోనని, "మళ్లీ మొదలుపెట్టండి" అన్నాను. "అయిపోయిందమ్మా" అంది. ఆవిడ చూపించిన కాగితం మీద కుడిచెవి గీత సగం దాకా తిన్నగా వచ్చి అక్కడినుంచి మెట్ల మీద నుంచి జారిపడినట్టు పడిపోయింది. ఎడమది జారడం మొదలుపెట్టింది. ఇరవై ఆరేళ్లు డ్రమ్స్ వాయించేవాళ్లకు ఎడంపక్కనే కూర్చున్నాను. వాళ్ల ఇత్తడి పళ్లాలు నా కుడిచెవికి మూరెడు దూరం. కీచు, బుస, మెరుపు లాంటి సన్నటి పైశబ్దాలు పోయాయట, తిరిగి రావట. ఉన్నవాటిని కాపాడుకోవాలట. "ముందే రావాల్సింది" అని కూడా అంది. వినబడనిది వినబడటం లేదని ముందే ఎలా తెలుస్తుందో అదొక్కటీ చెప్పలేదు.

కానీ ఇన్ని రోజులు నీకు రాయలేకపోయింది నా చెవి గురించి కాదు.

పోయినేడు నువ్వు సెలవుకు వచ్చినప్పుడు, నువ్వు సొంతంగా ఎంచుకున్న నీలం కోరస్ పెడల్ పెట్టి ముందుగదిలో వాయించావు. ఎంత సంబరంగా వాయించావో నాకు గుర్తుంది. నేను తలుపు దగ్గర నిలబడి, "ఇది ధ్వనిని మింగేస్తోంది. చెవులున్నవాళ్లెవరూ దీన్ని కొనరు" అన్నాను. "నాకు బాగానే మెరుస్తోందమ్మా" అన్నావు. "నీకింకా చెవి రాలేదు" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. తర్వాత దాన్ని ఎవరికో ఇచ్చేశావు. నా మాట విని పైస్వరాలు పెంచితే, మీ బృందంలో పాడే అమ్మాయి చెవులు పోతున్నాయని గొడవపెట్టిందని రాశావు. ఆ అమ్మాయికి ఏమీ తెలియదని నేను జవాబిచ్చాను. అప్పటినుంచి తీగ మార్చాలన్నా నన్నడిగే మారుస్తున్నావు. అది నామీద గౌరవమని మురిసిపోయాను.

ఆ పెడల్ మంచిదే అయ్యుంటుంది. నీ చెవి మంచిది. చెడిపోయిన చెవితో నీ మంచి చెవి మీద నీకే అనుమానం పుట్టించాను. తల్లిగా ఎన్నో తప్పులు చేసుంటాను కానీ, ఇది గురువుగా చేశాను. ఇదే నన్ను ఎక్కువ తొలుస్తోంది.

రికార్డింగ్ గది పెద్దాయనకు ఇంకా చెప్పలేదు. సోమవారం చెబుతాను. ఉంచుతారో మానిపిస్తారో తెలియదు. భయంగా ఉంది, కోపం అంతకంటే ఎక్కువగా ఉంది. ఎవరి మీదో తేలితే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

నిన్న కొట్టుకు వెళ్లాను. ముగ్గురి ముందు అన్న మాటకు ఎవరూ లేనప్పుడు క్షమాపణ అడిగితే న్యాయం కాదు. అందుకని కొట్లో జనం చేరేదాకా తీగల పొట్లాలు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు మరమ్మతులాయన్ని పిలిచి, "తప్పు మీ పనిది కాదు, నా చెవిది. నోటికొచ్చినట్టు మాట్లాడాను, మన్నించండి" అన్నాను. ఆయన మెడ గోక్కుని, "కూర్చోండమ్మా, మళ్లీ విందాం" అన్నాడు. ఇద్దరం పదకొండూ మళ్లీ ముందు పెట్టుకున్నాం. నొక్కితే శబ్దం తగ్గుతోందా, లావు తీగలు విడివిడిగా ఉన్నాయా, మీట కాలికి గట్టిగా తగులుతోందా అన్నది నేను చూశాను. రొద ఆయన విన్నాడు. ఇద్దరం వంకపెట్టలేనివి రెండు మిగిలాయి. రెండూ పార్సిల్లో పంపుతున్నాను. నచ్చనిది వెనక్కి పంపితే తీసుకుంటానని తేనెసీసా ఒప్పుకున్నాడు. ఈసారి ఏది మంచిదో ఆయన చెప్పలేదు.

రెంటిలో ఏది ఉంచుకోవాలో నేనూ చెప్పను. ఖాళీ హాల్లో రెండు ఆంప్లిఫయర్లను దూరదూరంగా పెట్టి, మధ్యలో కూర్చో. ఊపు తక్కువగా, నెమ్మదిగా పెట్టుకుని తీగలన్నీ ఒక్కసారి మీటి వదిలెయ్. అది పూర్తిగా ఆరిపోయేదాకా చెయ్యి పెట్టకు. ఏది నీకు మెరిస్తే అదే మంచిది.

అయితే ఏది ఉంచుకున్నావో ఒక్క ముక్కలో రాసి ఊరుకోకు. సన్నతీగ చివరికి ఏం చేసిందో, ఆ మెరుపు ఎటునుంచి ఎటు పోయిందో, ఎంతసేపు నిలిచిందో అంతా వివరంగా రాయి. ఇకమీదట పైశబ్దాలు నాకు నీ ఉత్తరాల్లోనే వినబడాలి. నువ్వు ఎలా రాస్తే అలాగే వింటాను. దిద్దను.

ఇట్లు,
నీ అమ్మ