ముగ్గుపిండితో నువ్వు గీసిన బొమ్మ

చిన్నోడా,

నువ్వు పోయాక ఇదే మొదటి దసరా. పక్కింటి ఫిట్టరు అప్పలనాయుడన్న ఆయుధపూజకి పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టి, నన్ను ప్రసాదానికి పిలిచాడు. స్పానర్ల మధ్య వేలెడంత ఉక్కు ముక్క, దానికో పొట్టి తీగ తోక కనిపించాయి.

"ఇందాకే దారిలో దొరికింది సెల్లెమ్మా. తళతళలాడతంది గదాని పూజలో ఎట్టినాను," అన్నాడు.

చూడగానే గుర్తుపట్టాను. వెల్డింగు అతుకుల్ని కిరణాలతో ఫోటో తీసే నీ ఉద్యోగం గురించి చెబుతూ, నువ్వు వాకిట్లో ముగ్గుపిండితో గీసింది ఇదే. "కిరణాలొచ్చే ముక్క ఇదే. పెట్టెలోంచి జారి ఎక్కడైనా పడుంటే ముట్టుకోకక్కా, మనిషిని కాల్చేస్తాది. అందర్నీ దూరం పంపీసి బొంబాయి అణుశక్తోళ్ళకి ఫోన్ సెయ్యి," అని, నెంబరు బీరువా తలుపు లోపల రాశావు.

అందర్నీ వీధి చివరికి తరిమి, మందుల షాపు నుంచి ట్రంక్ కాల్ చేశాను. సాయంత్రానికి వాళ్ళు దగ్గరి ఊరి నుంచి పంపిన నిపుణులొచ్చి, పొడవాటి పటకారుతో దాన్ని సీసపు పెట్టెలో వేసుకుపోయారు. అప్పలనాయుడన్న ఆసుపత్రిలో ఉన్నాడు. భయం లేదన్నారు.

ఆ ట్రంక్ కాల్లో మాట్లాడిన తెలుగాయన చివర్లో అడిగాడు: "ఇవన్నీ మీకెవరు చెప్పారమ్మా?"

"మా తమ్ముడండీ."

"ఒకసారి ఫోన్ ఇవ్వండి, మెచ్చుకోవాలి."

"డ్యూటీకెళ్ళాడండీ," అన్నాను.

అక్క