ఇంకొకరి బాతులు

1954 సెప్టెంబరు 16, గురువారం

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. నాలుగో తరగతితో బడి మానేశాను, తప్పులుంటే మన్నించాలి. ఇది ఎవరికైనా దొరికితే చదవకుండా పొయ్యిలో వేయండి.

అత్త మోకాలు ఇక నయం కాదన్నాడు డాక్టరు. మంగళవారం సంతలో మా మేకపాల చీజు బల్ల దగ్గర నేనే నిలబడాలట. సంత పందిరి కింద మా చోటు ఒక వారం ఖాళీగా పోయింది. రెండో వారమూ పోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. చోటు పోతే మేకల్ని అమ్మేయడమే.

అత్త నన్ను ఎగాదిగా చూసి, నోరు విప్పని దీన్ని నిలబెడితే జనం గోడ కొక్కెం అనుకుని టోపీలు తగిలించి పోతారు అన్నది. మా ఆయన గాస్తోన్ నవ్వాడు. నేనూ నవ్వాను, కడుగుతున్న పాలగిన్నెలోకి.

సెప్టెంబరు 18, శనివారం, సాయంత్రం ఆరు

ద్రాక్షకోతకు ఇంకా వారం ఉంది, పద, ఇవాళ సంతలు తిరుగుదాం అన్నాడు గాస్తోన్. నేను చూసి నేర్చుకుంటానని కాదట, ఊరికేనట. ఆయనకు అబద్ధమాడటం రాదు.

ముందు వెర్నాక్. ఉల్లిపాయల జడలు, బుట్టలు, కుర్చీలు అల్లే మనిషి. అందరూ అరుస్తున్నారు. నేను గాస్తోన్ వెనకే నడిచాను.

తర్వాత సూలియాక్, చర్చి వెనక బాతుల సంత. కొడవళ్లు చూసొస్తానని గాస్తోన్ పోయాడు. ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, పిల్లా, సూప్ తాగొస్తా, వీటిని కాస్త చూస్తుండు అన్నది. అడుగున మిగిలిన సూప్‌లో ఎర్రవైను పోసుకుని గిన్నె ఎత్తి తాగనిదే మా వైపు అమ్మేవాళ్లెవరూ మధ్యాహ్నం దాకా నిలబడరు. ఆమె ఎంతకీ రాలేదు.

ఒకాయన వచ్చి, ఈ బాతేంటి ఇంత బక్కగా ఉంది, ఉపవాసాలు చేయించారా అన్నాడు. నాకు రోషం వచ్చింది. దాని రొమ్ము మీద చెయ్యేసి చూడండి, మీ ఆవిడ వండితే మీ దాకా రానివ్వదు అన్నాను. ఆయన కొన్నాడు. పక్కన బేరమాడుతున్నామె నవ్వుతూ ఇటు వచ్చింది. ముసలామె తిరిగొచ్చేసరికి ఒక్క బాతే మిగిలింది. దాన్ని నా చేతిలో పెట్టింది.

అవి నా బాతులు కావు. అందుకే నోరు లేచిందేమో.

మధ్యాహ్నం ఏటి గట్టున రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాం. మూడో ఊరు చేరేసరికి సంత ఎత్తేశారు. రాళ్ల మీద క్యాబేజీ ఆకులు, ఇనపగుండ్లు విసిరే ఆట ఆడుకుంటూ ముసలివాళ్లు. అక్కడే బెంచి మీద చాలాసేపు కూర్చున్నాం. గాస్తోన్ నా బూటు విప్పి గులకరాయి తీశాడు. ఎవరూ చూడలేదు.

సెప్టెంబరు 20, సోమవారం

చీజు నాది. నేను చేసిందే. ఎలా పొగుడుకోను?

సెప్టెంబరు 21, మంగళవారం

వాన. మా చోటు కోసం కాచుకుని ఉన్న, తేనె అమ్మే సిదోనీ పొద్దున్నే పందిరి అంచున నిలబడి ఉంది. చిన్నమ్మాయ్, మధ్యాహ్నంలోగా నువ్వు పారిపోతావని నా సీసాలు ముందే తెచ్చుకున్నా అన్నది. తడుస్తున్నాయి, నా బల్ల మీద పెట్టండి అన్నాను. పొద్దుటినుంచి నేను మాట్లాడింది అదొక్కటే.

సంత మొదలని గంట కొట్టారు. అందరూ అరుపులు అందుకున్నారు. నేను చీజుల్ని సర్దిందే సర్దుతూ ఉన్నాను. ఒక్క చీజూ కదల్లేదు.

సిదోనీ సూప్‌కి పోయింది. ఆమె తేనె దిక్కులేకుండా ఉంది. ఈ చేదు తెలియని నాలుకకు తీపేం తెలుస్తుంది, రండి, చిరుచేదు చెస్ట్‌నట్ పూల తేనె అని ఎవరో అరిచారు. నేనే.

ఆమె తిరిగొచ్చి తగ్గిన సీసాల్ని చూసింది, కదలని చీజును చూసింది. మూతి తుడుచుకుని, చీజు కోసే నా కత్తి అందుకుంది. ఇంత నోరు పెట్టుకుని సొంత సరుకు దగ్గర మూగదానివా, జరుగు అన్నది. మధ్యాహ్నం దాకా ఆమె నా చీజు అమ్మింది, నేను ఆమె తేనె అమ్మాను.

పోయేటప్పుడు, నాకు బల్లలో సగం చాల్లే అన్నది. చోటు నిలిచింది. మేకలూ నిలిచాయి.

సెప్టెంబరు 28, మంగళవారం

ఈ వారమూ అంతే. బాతు గుడ్లు పెడుతోంది. ఈ పుస్తకం పొయ్యిలో వేయమన్నాను కదా, వద్దులెండి.

అక్టోబరు 5, మంగళవారం

అత్త కర్ర పట్టుకుని వచ్చి వరసలో నిలబడింది. ఎరగనట్టు, ఏమ్మా, ఈ చీజు ఎలా ఉంటుంది అని నన్ను అడిగింది. సిదోనీ చెప్పబోయి ఆగింది.

బాగుంటుందండి, నేనే చేశాను అన్నాను.

ఒకటి కొన్నది. వానకు తడిసిన తన టోపీ తీసి, నా తలకు తగిలించి పోయింది.