మన కారు దొంగబండి అయిన వైనం

ఉదయం ఆరూ పది. సన్నని తుంపర పడుతోంది.

తమ్ముడూ, నేను వచ్చేదాకా కారు బయటికి తీయకు. పోలీసుల లెక్కలో అదింకా దొంగిలించిన బండి. కూడళ్ళలో నంబరు ప్లేట్లు చదివే కెమెరాలు దాన్ని ఇట్టే పట్టిస్తాయి.

కారణం చెబుతాను. నిన్న సాయంత్రం కారు కదిలిందని అందులో బిగించిన పరికరం నా ఫోనుకు కబురు పంపింది. వెళ్ళి చూస్తే షెడ్డు ఖాళీ. నీ గది తలుపు ఎప్పటిలాగే వేసి ఉంది. లోపల పడుకున్నావనుకున్నాను. తడితే విసుక్కుంటావని తట్టలేదు. ఫోను చేస్తే నువ్వు ఎత్తలేదు. అందుచేత కారు పోయిందని ఫిర్యాదు చేసి, నిద్రమాత్ర వేసుకుని పడుకున్నాను. తెల్లవారి చూస్తే కారు షెడ్డులోనే ఉంది.

స్టేషనుకు ఫోను చేశాను. "దొంగ దొరికాడా అమ్మా?" అన్నాడు కానిస్టేబులు.

"దొరికాడు నాయనా, మా తమ్ముడే. గురక పెడుతున్నాడు" అన్నాను.

ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి నన్నే రమ్మన్నాడు. ఆటోలో వెళుతున్నాను. పాలు కాచి ఉంచాను.

గుమ్మం దిగేటప్పుడు "అక్కా, వెళ్ళొస్తా" అని ఉంటే ఇంత జరిగేది కాదు. అది మర్యాద కోసం అనే మాట మాత్రమే కాదు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నానని అప్పుడు నాకు తెలుస్తుంది.

అన్నట్టు, కోపంలో ఆ పరికరాన్ని పీకించకు. నీ రాకపోకలు నాతో చెబుతున్నది అదే.