మార్గశిరంలో మతి తప్పిన రేంజ్

నవంబర్ 22, శుక్రవారం

ఈ రోజు మా వెనక వరండాలో ఒక దుర్ఘటన సంభవించింది. ప్రాణనష్టం లేదు. నూట యాభై డిగ్రీల వేడిలో పెట్టిన ప్లమ్ కేక్, మధ్యాహ్నానికి పిండిగానే బయటికి వచ్చింది. గరిటెతో తీయవలసి వచ్చింది.

రికార్డు కోసం పూర్వాపరాలు. నేను గౌరీశంకర్, ఒడిశాలోని రాయగడలో పసుపు, చింతపండు హోల్‌సేల్ వర్తకుణ్ణి. నా భార్య రోజారమణి పెళ్ళైన నాటి నుంచి కొట్టు గల్లా చూసింది. ఈ ఏడాది హఠాత్తుగా కేకులు చేస్తానంది. దామంజోడి ఫ్యాక్టరీ నుంచి బదిలీ అయిన ఒక ఆఫీసర్, విదేశం నుంచి తెచ్చుకున్న కిచెన్ రేంజ్‌ను, అంటే పొయ్యీ ఓవెనూ కలిసిన యంత్రాన్ని, అమ్మేస్తుంటే కొనిపించింది. లక్ష్మీపూర్ చర్చి వారి క్రిస్మస్ కేకుల ఆర్డరు కూడా పట్టింది. ఇరువురి మధ్య ఒడంబడిక: ఆర్డరు నెగ్గితే కేకులు, చెడితే రేంజ్ అమ్మకానికి, ఆమె తిరిగి గల్లాకి. షరతు పెట్టింది నేను. ఆమె నా వైపు చూడకుండా సరేనంది.

మా అమ్మ సూర్యకాంతమ్మ వంటింట్లో గుడ్డు పగలడానికి వీల్లేదంది. అందుకే రేంజ్‌కు వరండా పోస్టింగు.

నవంబర్ 26, మంగళవారం

దామంజోడి క్వార్టర్లలో ఇలాంటి యంత్రాలు బాగుచేసే సౌమ్యరంజన్ వచ్చాడు. వెనక రేకు విప్పి, కంట్రోల్ బోర్డును టార్చి వేసి చూసి, "మెమరీ గయా, బాబూ," అని ప్రకటించాడు.

పొయ్యికి జ్ఞాపకశక్తి ఉంటుందనే నాకు తెలియదు; అప్పుడే పోయిందట. మనం చెప్పినవన్నీ బోర్డు మీద ఒక చిన్న చిప్ గుర్తుంచుకుంటుందట. అది దెబ్బతిని సెల్సియస్‌ను మరిచిపోయి, పుట్టిన దేశపు ఫారెన్‌హీట్‌కు వెళ్ళిపోయింది. ఆ లెక్కలో నూట యాభై అంటే గోరువెచ్చన. తెర మీద అంకె మాత్రమే కనిపిస్తుంది కనుక మాకు తెలిసే అవకాశం లేదు.

అతను మాకు అడ్డంగా నిలబడి ఏదో మీట నొక్కి సరిచేశాడు. ఏ మీట అన్నది వృత్తి రహస్యం. ఒక మీట మీద పసుపు మరక ఉందని తుడిచాడు. పసుపు వర్తకుడి ఇంట్లో బ్యాంకు పాస్‌బుక్ కూడా పచ్చగానే ఉంటుందని తెలియజేశాను. మెయిన్ ఆపి, టీ తాగి, మళ్ళీ వేశాడు. రేంజ్ మరిచిపోలేదు. ఇంకా నిఘాలో ఉంచమన్నాడు.

నవంబర్ 27

కేక్ ఉడికింది. రోజారమణి నాకో ముక్క పెట్టింది. నేను అభిప్రాయం వెల్లడించలేదు.

నవంబర్ 29, శుక్రవారం

మళ్ళీ పిండి.

ఫోన్‌లో సౌమ్యరంజన్ నిన్న ఏం చేశారని అడిగాడు. నిన్న ఏమీ చేయలేదు. మార్గశిర గురువారం, లక్ష్మీపూజ, ఇంట్లో గుడ్డు నిషిద్ధం, రేంజ్‌కు సెలవు. ఒడియా వారి మార్గశిరం ముందు వస్తుంది, మనది తరువాత. అమ్మ ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పటి నుంచి రెండూ చేస్తుంది. అమ్మవారు ఏ పంచాంగం చూసుకుని వస్తుందో తెలియదు కదా అని ఆమె వాదన.

ఒక రోజు ఖాళీగా ఉంటే చిప్ మరిచిపోతోందని అతను తేల్చాడు. విశాఖ నుంచి కొత్త బోర్డు తెప్పిస్తాడట. ఈలోగా ఫారెన్‌హీట్ లెక్కలోనే మూడు వందలు పెట్టుకోమన్నాడు.

డిసెంబర్ 6, శుక్రవారం

పొగ. ఎదురింటి వాళ్ళు బకెట్లతో వచ్చారు.

వారమంతా మూడు వందల దగ్గర బుద్ధిగా ఉడికించిన రేంజ్, నేడు తన చేతనైనంత మంట పెట్టింది. అంటే మరిచిపోయిన సెల్సియస్‌ను దానంతట అదే గుర్తు తెచ్చుకుంది. ఉన్నది మరిచిపోవడం జబ్బు. మరిచిపోయినది అదను చూసి గుర్తు తెచ్చుకోవడం కుట్ర.

మాడిన దాన్ని రోజారమణి పెరట్లోకి తీసుకెళ్తుంటే అమ్మ గుమ్మంలోంచి అంది: "అమ్మీ, ఈ పాలి బొగ్గుల ఆర్డరు పట్టేవేటి?"

నేను ఒక పేరును అనుమానితుల జాబితాలో చేర్చాను. కన్నతల్లిని చేర్చడం నాకే విభ్రాంతి కలిగించింది.

డిసెంబర్ 10

కొత్త బోర్డు పదవీ స్వీకారం చేసింది. పాతది నా బల్ల మీద ఉంది. అరచేయంత. మతిమరుపు ఆరోపణపై మా ఇంట్లో ఉద్యోగం కోల్పోయిన మొదటి వ్యక్తి.

డిసెంబర్ 13, శుక్రవారం

కొత్త బోర్డు కూడా మరిచిపోయింది.

పిండిని ఈసారి నేనే గరిటెతో తీశాను. సౌమ్యరంజన్ రేపు వచ్చి మళ్ళీ సరిచేస్తాడట. తన సర్వీసులో ఇలాంటిది చూడలేదట. రోజారమణి ఏప్రాన్ ఉతికి, మడతపెట్టి, బీరువాలో దాచింది. వచ్చే శుక్రవారం అసలు కేకులు మొదలుపెట్టాలి. అవీ ఇలాగే అయితే మర్నాడే కొట్టుకు వచ్చేస్తానంది. గల్లా తాళం ఎక్కడ పెట్టానని అడిగింది.

ఇది నేను కోరుకున్న తీర్పే. భోజనం సహించలేదు.

డిసెంబర్ 19, గురువారం, తెల్లవారుజాము

సెలవు రోజునే మతి పోతోంది కనుక, అది పోయే క్షణాన్ని స్వయంగా చూడదలచి వరండాలో పసుపు బస్తాల వెనక కూర్చున్నాను. రోజారమణి వీధి గుమ్మం ముందు ముగ్గు వేస్తోంది.

అమ్మ వచ్చింది. ఈ వరండా గడప తొక్కనని అందరి ముందూ శపథం చేసిన మనిషి. తలంటుకుని, పసుపు కుంకుమల గిన్నె పట్టుకుని, గోడ ఆనుకుంటూ తిన్నగా రేంజ్ దగ్గరికి వెళ్ళింది. నేరం నా కళ్ళ ముందే జరగబోతోంది.

మీటల్లో ఒకదాని మీద మంట బొమ్మ ఉంది. అమ్మ కంటికి అది దీపం. దాని మీద బొట్టు పెట్టి, వేలు తీయకుండా కళ్ళు మూసుకుంది.

"అమ్మా లచ్చిందేవీ, మా రోజా సేతిలో పని నిలబెట్టు తల్లీ. గల్లా కాడ కూకొని దాని నడుం పోనాది. దానికంటూ ఓటి ఉండనీ."

టిక్కుమంది. తెర మీద ఎఫ్ అనే అక్షరం ఒక్కసారి వెలిగి ఆరిపోయింది.

అమ్మ కొంగుతో బొట్టు జాగ్రత్తగా తుడిచేసింది. వెనక్కి తిరిగి, బస్తాల మధ్య నన్ను చూసింది. ఎవరు ఎక్కువ ఉలిక్కిపడ్డారో చెప్పడం కష్టం.

"ఏటిరా, దొంగనాగ?" అంది. తరువాత గొంతు తగ్గించింది. "గుడ్డు పెట్టినా పొయ్యి పొయ్యే గదరా. బొట్టు నేకుండా ఎలా ఒగ్గేయడం? రోజాకి సెప్పకు. లోకువైపోతాను."

ఆమె వెళ్ళాక అదే మీట మీద వేలు ఉంచి చూశాను. టిక్కుమంది. సి వెలిగింది. వేలు కాసేపు అలాగే ఉంచితే కొలత మారుతుంది, అంతే. బోర్డు దేన్నీ మరిచిపోలేదు. రెండు బోర్డులూ చెప్పింది చెప్పినట్టు చేశాయి. గురువారం గురువారం అమ్మ దండం పెట్టింది. శుక్రవారం శుక్రవారం కేక్ చెడింది.

రోజారమణికి చెప్పాను, నేను మాట ఇవ్వలేదు కనుక. ముగ్గు చేతులతోనే గడప మీద కూర్చుండిపోయింది. తరువాత అంది: "అత్తకి సెప్పకండి. ఆ మీట సంగతి తెలిస్తే ఇంక దాని దగ్గరకి రాదు. ఆవిడ పెట్టి వెళ్ళేక నాను మార్చుకుంటాను."

ఏప్రాన్ బీరువాలోంచి తీసింది.

డిసెంబర్ 23

ఆఖరి కేక్ దిగింది. బాగుందని చెప్పాను. ఆమె నిర్ఘాంతపోయింది.

డిసెంబర్ 26, గురువారం

రోజారమణి లక్ష్మీపూర్‌లోనే ఆగింది. కొత్త సంవత్సరానికి ఇంకో ఆర్డరు మాట్లాడుతోంది. అమ్మ వచ్చింది, పెట్టింది, తుడిచింది, వెళ్ళింది. సరిచేసే బాధ్యత నా మీద పడింది.

మీట మీద వేలు ఉంచాను. ఊరికే వేలు పెట్టుకుని నిలబడడం బాగోలేదు. నాలుగు మాటలు అనుకున్నాను. ఏమనుకున్నదీ ఇందులో నమోదు చేయడం లేదు.

టిక్కుమన్నాక కూడా వేలు తీయలేదు.